టీచరమ్మగా పనిచేసిన అమ్మమ్మ జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేయాలంటే – చెన్నైలో మేం ఎలా చేశామంటే

మా అమ్మమ్మ ప్రభువు నందు నిద్రించి మొన్న ఆగస్టుకి ఏడాది. వర్ధంతికి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి 16 పేజీల చిన్న పుస్తకం వేశాం. ఆ పని మొత్తం నా నెత్తిన పడింది, ఎందుకంటే మనవలూ మనవరాళ్ళూ 9 మందిమి ఉంటే తెలుగులో టైప్ చేయడం వచ్చింది నాకొక్కదానికే, మిగతావాళ్ళంతా చెన్నైలో పుట్టి తమిళం ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు, తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే కళ్ళు చిన్నవి చేసి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. ఆ తర్వాత మా సంఘంలోనే ముగ్గురు అడిగారు ఎలా చేశావమ్మా మాక్కూడా చెప్పు అని, ఒక్కొక్కరికీ ఫోన్లో గంట గంట చెప్పేకంటే రాసి పెట్టేస్తే పోతుంది కదా అని ఇది.

ముందు ఒక మాట. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. నెల చాలులే అనుకుంటారు, చాలదు. రాయడానికి రెండు వారాలే, మిగతా టైమంతా మనుషుల్ని వెతకడానికీ, పెద్దమ్మ ఫోటోలు ఇవ్వడానికీ పోతుంది. ఇంకోటి, పని ఒక్కళ్ళ చేతిలోనే ఉండాలి. ఫ్యామిలీ గ్రూపులో అందరం కలిసి రాద్దాం అంటే అందరూ దండం బొమ్మలు పెడతారు, ఒక్కరూ ఒక్క లైను రాయరు.

మొదటి డ్రాఫ్ట్ చింపేయండి

నేను మొదట రాసింది ఇలా మొదలైంది: "ప్రేమామయి, ప్రార్థనాపరురాలు, ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగు నింపిన ఆదర్శ ఉపాధ్యాయురాలు". మా అమ్మకి చదివి వినిపిస్తే అంతా విని "బావుందే, ఎవరి గురించి?" అంది. అదీ కథ. మన కూడికల్లో పంచే కాగితాలు తీసి చూడండి, పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. అందుకని నేను పెట్టుకున్న రూలు ఒక్కటే, అమ్మమ్మ ఎలాంటిదో రాయకూడదు, ఏం చేసేదో రాయాలి. "క్రమశిక్షణ గల టీచర్" అని కాదు, ఫస్ట్ బెల్ కొట్టకముందే బోర్డు మీద తేదీ తెలుగు అంకెల్లో రాసి పెట్టేది, పిల్లలు వచ్చి అది చదివి చెప్తేనే కూర్చోనిచ్చేది, అని. ఈ ఒక్క వాక్యం ఉంటే క్రమశిక్షణ అనే మాట అక్కర్లేదు.

తేదీల దగ్గర జాగ్రత్త

జీవిత చరిత్రలో తేదీలు తప్పితే కూడికలో ఎవరో ఒక బాబాయ్ లేచి సరిచేస్తాడు, ఆ తర్వాత ఇక ఎవరూ మీరు చెప్పేది వినరు. ఇంట్లో చెప్పుకునేది నమ్మకండి, కాగితం చూడండి. గవర్నమెంట్ గానీ కార్పొరేషన్ గానీ ఎయిడెడ్ స్కూలు గానీ అయితే సర్వీస్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది, చేరిన రోజు, ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు అన్నీ అందులో ఎక్కి ఉంటాయి. దాని కాపీ ఇంట్లో లేకపోతే పెన్షన్ ఆర్డర్ చూడండి, అదైనా బీరువాలో ఎక్కడో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. మా అమ్మమ్మ పుట్టిన తేదీ రికార్డులో 1938 జూన్ 1. అసలు తేదీ అది కాదని ఇంట్లో అందరికీ తెలుసు, క్రిస్మస్‌కి ముందు పుట్టిందని వాళ్ళమ్మ చెప్పేదట, బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టర్ జూన్ 1 అని రాసేశాడు, ఆ రోజుల్లో సగం దేశం జూన్‌లోనే పుట్టింది కదా. తమిళనాడులో అప్పట్లో రిటైర్మెంట్ 58 ఏళ్ళకి, ఇప్పుడు 60 చేశారు గానీ, ఆ లెక్కన 1996 మే ఆఖరికి సర్వీసు అయిపోయింది. మద్రాసు చెన్నై అయింది కూడా ఆ ఏడాదే. మేం పుస్తకంలో "రికార్డు ప్రకారం" అని రాసి, క్రిస్మస్ మాట కూడా పక్కనే పెట్టాం. రెండూ రాయొచ్చు, తప్పేం లేదు.

బాప్తిస్మం తేదీ చర్చి రిజిస్టర్లో దొరుకుతుంది గానీ మనది బాప్టిస్ట్ సంఘం అయితే దాంతో పుట్టిన తేదీ తేలదు, మన దగ్గర పసిపిల్లలకి ఇవ్వరు, ఊహ తెలిశాక వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకుంటేనే. ఊరి పేర్లు కూడా అప్పటివి అప్పట్లాగే రాయండి. 1961లో పెళ్ళయి వచ్చింది మద్రాసుకి, చెన్నైకి కాదు, వచ్చిన రాష్ట్రం పేరు కూడా మద్రాసే, 1969లో గానీ తమిళనాడు అవలేదు. తాతయ్య ఐసిఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు, 1955లో పెట్టారు ఆ ఫ్యాక్టరీ, పెరంబూరు విల్లివాక్కం అయనావరం చుట్టూ మనవాళ్ళు ఇంతమంది ఉండడానికి రైల్వే పనులు ఒక కారణం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒంగోలు వైపు నుంచి వచ్చిన బాప్టిస్ట్ ఇళ్ళల్లో ఒక కథ ఉంటుంది. 1876-78 కరువులో క్లౌ దొరగారు అనే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు, తర్వాత 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతవరకు చరిత్రే. ఇక ప్రతి ఇంట్లోనూ మా ముత్తాత ఆ 2,222లో ఒకడు అంటారు. అంటే ఆ రోజు నదిలో ఒక లక్ష మంది అయినా దిగి ఉండాలి! మా ఇంట్లోనూ అంటారు. నేను "అని మా ఇంట్లో చెప్పుకుంటారు" అని రాసి ఊరుకున్నా, మా పెద్దమ్మకి కోపం వచ్చింది, అయినా మార్చలేదు. అమ్మమ్మ మాత్రం ఆ కథ వేరేలా చెప్పేది, ముత్తాత తవ్విన కాలువే మన వెనకాలే నడుచుకుంటూ మద్రాసు దాకా వచ్చిందిరా అనేది. ఆ మాట పెట్టండి, రుజువు అక్కర్లేని మాట అది.

స్టూడెంట్లని వెతకడం, అడగడం

పుస్తకానికి ప్రాణం ఇదే, సగం టైము దీనికే ఇవ్వండి. ముఖ్యంగా తెలుగు టీచర్ల విషయంలో. ఎందుకంటే మా అమ్మమ్మ పాఠం చెప్పిన తెలుగు మీడియం సెక్షన్ ఇప్పుడు లేదు. తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గుతూనే ఉన్నారు, 2006లో వచ్చిన చట్టంతో ఒకటో క్లాసు నుంచి తమిళం తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు, పదో క్లాసు దాకా వచ్చేసరికి 2016, అప్పుడు మైనారిటీ భాషల పిల్లలు పరీక్షకి మినహాయింపు కోసం కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. దాని మంచీ చెడూ ఇక్కడ వద్దు. స్కూలుకి వెళ్ళి అడిగితే ఆవిడ గురించి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, ఉన్నదంతా ఆ పిల్లల బుర్రల్లోనే ఉంది, ఆ పిల్లలకి కూడా ఇప్పుడు 50, 60 ఏళ్ళు, నేను చెప్పేది అదీ.

ఎలా దొరికారంటే, ఇద్దరు దొరికితే చాలు. చర్చిలో ఒకాయన అమ్మమ్మ దగ్గర నాలుగో క్లాసు చదివాడు, ఆయన ఇంకొకళ్ళ నంబర్ ఇచ్చాడు, వాళ్ళకి 1980ల బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఉంది, అక్కడ అమ్మమ్మ ఫోటో ఒకటి వేసి "ఈ టీచర్ దగ్గర చదివినవాళ్ళు" అని మెసేజ్ పెడితే రెండు రోజుల్లో 23 మంది. మెసేజ్ తెలుగులోనూ తమిళంలోనూ పెట్టండి, చాలామందికి తెలుగు లిపి మర్చిపోయింది, టీచర్ ముందు చెప్పుకోలేరు పాపం.

ఇప్పుడు అడిగే పద్ధతి. "టీచర్ ఎలాంటివారండీ?" అని అడిగితే "దేవత అండీ" అంటారు, ఇక అక్కడితో సరి. నేను మొదటి ఐదుగురి దగ్గర ఇదే తప్పు చేశా. ఆరో ఆయన దగ్గర అనుకోకుండా "మిమ్మల్ని కొట్టిందా?" అని అడిగా, అంతే, ఆయన 40 నిమిషాలు మాట్లాడాడు. కొట్టారమ్మా, చెక్క స్కేలుతో, అరచెయ్యి మీద, కానీ కొట్టిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడి కడలై మిఠాయి, అదే పల్లీ చిక్కీ, ఒకటి ఇచ్చేవారు, మేం మిఠాయి కోసం కావాలనే తప్పు చేసేవాళ్ళం, రెండో నెలకి ఆవిడకి అర్థమైపోయి తప్పు చేయనివాళ్ళకి కూడా ఇవ్వడం మొదలుపెట్టారు, దాంతో ఆ వ్యాపారం దెబ్బతింది. ఇలాంటివి కావాలి మనకి. అందుకని ప్రశ్నలు చిన్నవి, చూపించగలిగేవి అడగండి. క్లాసులోకి రాగానే మొదట ఏం చేసేవారు? చీర ఏ రంగు గుర్తుంది? డస్టర్ ఎక్కడ పెట్టేవారు? కోపం వస్తే ఏమనేవారు? మీరు చదివిన మొదటి పెద్ద మాట ఏది? మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చారా, ఎందుకు? ఈ ఆఖరి ప్రశ్న వదలకండి, ఆ తరం టీచర్లు ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు, వారం రోజులు బడికి రాకపోతే వెతుక్కుంటూ.

మాకు దొరికిన వాటిల్లో నాకు నచ్చింది ఒకటి చెప్తా. ఇక్కడి పిల్లల తెలుగు మీకు తెలుసు కదా, "వస్తా ఉండాను", "ఉండాది", మధ్యలో రెండు తమిళం ముక్కలు. విజయవాడ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరో ఎవరో నవ్వారట క్లాసులో. అమ్మమ్మ ఆయన వెళ్ళాక బోర్డు మధ్యలో ఒక గీత గీసి ఎడమ వైపు "ఉండాది" కుడి వైపు "ఉంది" అని రాసి, "ఇది ఇంటి మాట, ఇది పరీక్ష మాట, రెండూ మీవే, పరీక్షలో మాత్రం కుడి వైపుది రాయండి, మార్కులు దానికే ఇస్తారు వాళ్ళు" అందట. చెప్పినాయన ఇప్పుడు కొరట్టూరులో ప్లంబింగ్ సామాన్ల షాపు. షాపు లెక్కల పుస్తకం ఇప్పటికీ తెలుగులోనే రాస్తాడు, చూపించాడు కూడా, ఎడమ వైపు రావాల్సింది, కుడి వైపు వచ్చింది, మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత.

ఫోన్లో రికార్డ్ చేసుకోండి, అడిగి చేసుకోండి. వాయిస్ మెసేజ్‌లు అయితే వెంటనే వేరే చోట దాచుకోండి, ఫోన్ మారితే పోతాయి. విన్నది మీ భాషలోకి మార్చి రాయకండి, ఆయన "ఉండాది" అంటే "ఉండాది" అనే వేయండి, ఇంతా చెప్పాక కూడా దిద్దితే ఇంకేముంది.

విశ్వాసం గురించి ఎలా రాయాలి

ఇది కొంచెం సున్నితం. వచ్చేవాళ్ళల్లో సగం మంది స్టూడెంట్లు, వాళ్ళల్లో హిందువులు ఎక్కువ, ముస్లింలు కూడా ఉన్నారు. వాళ్ళకి "ప్రార్థనాపరురాలు" అంటే ఏం తెలుస్తుంది? సంఘం వాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది, అందరినీ అదే అంటాం కదా. ఇక్కడ కూడా అదే రూలు, ఏం చేసేదో రాయండి.

మాకు ఒక వస్తువు దొరికింది. రిటైర్ అయ్యాక స్కూలు నుంచి ఒక ఖాళీ అటెండెన్స్ రిజిస్టర్ తెచ్చుకుంది, పొడుగ్గా ఉంటుంది చూడండి, ఎడమ వైపు పేర్లు, పైన 1 నుంచి 31 దాకా గళ్ళు, అట్ట మీద గుడ్డ అతికించినది. అది మంచం పక్కన బైబిల్ కింద ఉండేది, ఏవో పాత స్కూలు లెక్కలు అనుకున్నాం 27 ఏళ్ళు. పోయాక తెరిచి చూస్తే అందులో పేర్లున్నాయి, స్టూడెంట్లవి, పక్కింటివాళ్ళవి, పాల ఆవిడది, మా అందరివీ. ఏ రోజు ఎవరి కోసం ప్రార్థన చేస్తే ఆ గడిలో చిన్న టిక్కు. మర్చిపోయిన రోజు ఎర్ర ఇంకుతో "ఆ". ఆబ్సెంట్ అన్నమాట, ఆ పేరున్నవాళ్ళు కాదు, ఈవిడే ఆబ్సెంట్. నా పేరు ఎదురుగా 2009 మార్చిలో వరసగా 31 టిక్కులున్నాయి, అది నా ప్లస్ టూ పరీక్షల నెల.

ఇలాంటిది దొరికితే అందులో ఒక పేజీ ఫోటో తీసి వేయండి, పక్కన వివరణ రెండు లైన్లు చాలు. కానీ పేర్లు కనిపించకుండా చేయండి, ఇది గట్టిగా చెప్తున్నా. ప్రార్థన మనవి అంటే ఒకరి ఇంటి గుట్టు. ఫలానావాళ్ళ ఆయన తాగుడు, ఫలానా అమ్మాయికి కడుపు నిలవట్లేదు, ఇలాంటివి పేర్ల పక్కనే పొట్టి అక్షరాల్లో ఉన్నాయి. మేం పేర్ల వరస మీద తెల్ల కాగితం అడ్డం పెట్టి గళ్ళు మాత్రమే స్కాన్ చేశాం. రిజిస్టర్ ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది, ఎవరికీ ఇవ్వం.

వాక్యం ఏది వేయాలి అంటే, 23వ కీర్తన అందరూ వేస్తారు, వేయండి, తప్పు లేదు. మేం 2 తిమోతి 1:5 వేశాం. తిమోతి విశ్వాసం మొదట వాళ్ళ అవ్వ లోయిలో ఉండేదని పౌలు పేరు పెట్టి రాసిన చోటు అది, అమ్మమ్మలకి ఇంతకంటే సరిగ్గా సరిపోయేది నాకు దొరకలేదు. అన్నిటికంటే ముందు ఆవిడ సొంత బైబిల్ తిరగేయండి, ఎక్కడ గీత గీసింది, ఎక్కడ బస్ టికెట్ పెట్టింది, ఏ పేజీ నలిగిపోయింది. పాటలకి కూడా అంతే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెన్సిల్ గుర్తులు ఉంటాయి చూడండి. ఆ పాత కీర్తనల మీద రాగం తాళం వేసి ఉంటాయి, ఇప్పుడు కీబోర్డ్ కుర్రాళ్ళు అవి చూడరు, ముందే వాళ్ళకి పెద్దవాళ్ళ చేత పాడించి వినిపించండి. పాటల సాహిత్యం ప్రోగ్రాం కాగితం మీద పూర్తిగా వేయండి, నంబర్ ఒక్కటే వేస్తే స్టూడెంట్లు దిక్కులు చూస్తారు.

మంచివే రాయాలా?

మా మావయ్య 1989లో వేరే మతం అమ్మాయిని చేసుకున్నాడు. అమ్మమ్మ మూడేళ్ళు మాట్లాడలేదు. ఇది అందరికీ తెలుసు, కూడికకి వచ్చే ప్రతి ఒక్కరికీ తెలుసు, రాయకపోతే అదొక గొయ్యిలాగా ఉంటుంది పుస్తకం మధ్యలో, రాస్తే అత్తయ్య ఏమనుకుంటుందో. ఇలాంటప్పుడు మీరు తీర్మానం చేయకండి, ఆ మనుషుల్నే అడగండి. నేను భయపడుతూ ఫోన్ చేస్తే మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రాయి, కానీ మూడేళ్ళ తర్వాత ఆవిడే మొదట మా ఇంటికి వచ్చింది, 23సి బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చింది, అది కూడా రాయి" అన్నాడు. అత్తయ్య వెనక నుంచి "చేతిలో గోంగూర పచ్చడి సీసా" అంది. అంతే, మూడు లైన్లు. ఆ రోజు అందరూ ఎక్కువ చదివి చదివి వినిపించుకున్నది ఆ మూడు లైన్లే.

ఒప్పుకోకపోతే మాత్రం వదిలేయండి, వాదించకండి.

ఫోటోలు

పెద్ద విషయం కాదు, త్వరగా చెప్పేస్తా. పాత ఆల్బంలో అంటుకుపోయిన ఫోటోలని పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయించండి, చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి 600 డీపీఐ అడగండి, మామూలువాటికి 300 చాలు. వాట్సాప్‌లో పంపించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది, ప్రింట్‌లో మసకగా వస్తుంది. 2015 వానల్లోనూ మళ్ళీ 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ మనవాళ్ళల్లో ఎంతమంది ఆల్బంలు నీళ్ళల్లో పోయాయో, మీ ఇంట్లో పోయినా బంధువుల దగ్గర అదే పెళ్ళి ఫోటో ఇంకో కాపీ ఉంటుంది, అడగండి. ఫోటో కింద పేర్లు రాసేటప్పుడు ఎడమ నుంచి కుడికి అని రాసి, గుర్తు తెలియనివాళ్ళని "గుర్తు తెలియలేదు" అనే రాయండి, కూడికలో ఎవరో ఒకరు చెప్తారు.

తెలుగులో ప్రింట్ చేయించడం అనే యుద్ధం

చెన్నైలో ప్రెస్సులకి తెలుగు రాదు. వాళ్ళ తప్పు కాదు. మీరు వర్డ్‌లో చక్కగా టైప్ చేసి ఇస్తారు, వాళ్ళు పాత పేజ్‌మేకర్‌లో అతికిస్తారు, వత్తులన్నీ ఊడి పక్కన పడతాయి, "ప్రార్థన" కాస్తా ముక్కలు ముక్కలుగా వస్తుంది, చూసే ఆయనకి అది తప్పని తెలియదు కాబట్టి అలాగే ప్రింట్ కొట్టేస్తాడు. రెండు దారులున్నాయి. ఇన్‌డిజైన్ వాడే ప్రెస్ అయితే పారాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టమనండి, అప్పుడు యూనికోడ్ తెలుగు సరిగ్గా వస్తుంది. లేదా మీరే పేజీలన్నీ తయారు చేసి పీడీఎఫ్ ఇచ్చేయండి, దాన్ని ముట్టుకోకుండా ప్రింట్ చేయమనండి. నేను రెండోదే చేశా. ఫాంట్లు ఫ్రీగా దొరుకుతాయి, మండలి, సురన్న, రామభద్ర లాంటివి, లోపలి మేటర్‌కి మండలి హాయిగా ఉంటుంది, రామభద్ర టైటిల్‌కి మాత్రమే. సైజు 13కి తక్కువ పెట్టకండి, చదివేది 70 ఏళ్ళవాళ్ళు. పేజీలు నాలుగు గుణింతంలో ఉండాలి, 12, 16, 20 ఇలా, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి ఇంకోలా కుదరదు, 14 పేజీలు వచ్చిందని తెస్తే రెండు ఖాళీ పేజీలు పడతాయి. మాకు 150 కాపీలు, కవరు కలర్, లోపల బ్లాక్ అండ్ వైట్, ఒక్కోటి 38 రూపాయలు పడింది.

తెలుగు చదవలేని మనవల కోసం మధ్యలో ఒక పేజీ తమిళంలో వేశాం, మొత్తం అనువాదం కాదు, ఒక్క పేజీ. మిగతాది ఒకరి చేత చదివించి ఆడియో గ్రూపులో పెట్టాం.

సమాధి రాయి కూడా ఇందులో భాగమే

ఏడాది కూడికకే చాలామంది రాయి కూడా నిలబెడతారు కాబట్టి చెప్తున్నా. కీల్పాక్, కాసిమేడు శ్మశానాల్లో చోటు లేక పాత కుటుంబ సమాధినే మళ్ళీ తెరిచి వాడుకోవడం మామూలే, మేం కూడా తాతయ్య సమాధిలోనే అమ్మమ్మని పెట్టాం. అంటే రాయి మీద ఇద్దరి పేర్లూ పట్టాలి. ముందు శ్మశానం ఆఫీసులో ఎంత సైజు రాయి పెట్టనిస్తారో అడిగి రాయించుకుని, అప్పుడు రాయి ఆర్డర్ ఇవ్వండి.

మా దగ్గర జరిగింది ఏంటంటే, చెక్కే ఆయనకి తెలుగు రాదు, నేను ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి ఇచ్చి వచ్చేశా. ఆయన దాన్ని చూసి చేత్తో పెద్దగా గీసుకుని చెక్కాడు. వెళ్ళి చూస్తే "నిద్రించెను" అన్న మాటలో ద కింద వత్తు లేదు. "నిదించెను" అని ఉంది, నల్ల గ్రానైట్ మీద, బంగారు రంగులో, తళతళలాడుతూ. 35 ఏళ్ళు వత్తులు దిద్దిన మనిషి సమాధి మీద! అమ్మ అక్కడే రాతి ముక్కల మధ్య కూలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, "ఇంపోజిషన్ రాయించేది వాడి చేత, వంద సార్లు" అని. రాయి పైభాగం మొత్తం అరగదీసి, మళ్ళీ పాలిష్ పెట్టి, మళ్ళీ చెక్కడానికి రాయి ఖరీదులో సగం దాకా అయ్యింది. కాబట్టి మీరు రాయి ఎంత సైజో అంత సైజులో ఫ్లెక్స్ షాపులో ప్రింట్ తీయించి ఇవ్వండి, దాన్ని రాయి మీద పెట్టి ట్రేస్ చేయమనండి. చాక్‌పీస్‌తో గీత గీశాక, ఉలి పెట్టకముందు, మీరే వెళ్ళి ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ఫోటో పంపమంటే సరిపోదు.

కూడిక రోజు

జీవిత చరిత్ర చదవడం ఐదు నిమిషాలు దాటకూడదు. నేను టైం పెట్టుకుని చూస్తే నిమిషానికి 100 మాటలకి మించి స్పష్టంగా చదవలేం, అంటే 500 మాటలు, పుస్తకంలో ఉన్నదంతా చదవకండి. మాట్లాడేవాళ్ళు నలుగురు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఇద్దరు స్టూడెంట్లు, ఒకరు స్త్రీల సమాజం నుంచి, ఒకరు ఇంట్లోంచి. "ఇంకెవరైనా రెండు మాటలు" అని మైకు మాత్రం ఊరికే వదలకండి, ఆ రెండు మాటలు భోజనాల దాకా వెళ్తాయి. అయ్యగారితో, అంటే పాస్టరుగారితో, ముందే కూర్చుని మాట్లాడండి, వచ్చేవాళ్ళల్లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారండీ, వాక్యం ఒక 15 నిమిషాలు, ఆవిడ జీవితం నుంచే చెప్పండి అని. మా అయ్యగారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. నా ఉద్దేశంలో జ్ఞాపకార్థ కూడికని సువార్త సభ చేయకూడదు, పిలిస్తే వచ్చినవాళ్ళు వాళ్ళు, టీచర్ కోసం వచ్చారు. దీన్ని ఒప్పుకోనివాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, సరే.

తిండి సింపుల్‌గా. కేసరి, వడ, కాఫీ. గేటు దగ్గర ఒక బుట్టలో కడలై మిఠాయిలు పెట్టాం, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. స్టూడెంట్లకి చెప్పక్కర్లేకపోయింది.

పుస్తకాలు పోయినంత పోతాయి, ఒక 30 కాపీలు పక్కన ఉంచుకోండి, తర్వాత అడిగేవాళ్ళే ఎక్కువ. మాకు వారం తర్వాత ఒక కాపీ వెనక్కి వచ్చింది, పోస్టులో. ఆ ప్లంబింగ్ షాపు ఆయన పంపాడు. 11వ పేజీలో "ఉపాధ్యాయురాలు" అని వేయాల్సిన చోట నేను ధకి బదులు ద వేశా, ముగ్గురం ప్రూఫ్ చూసినా దొరకలేదు. ఆయన దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, మార్జిన్‌లో "−½" అని వేసి, కింద తెలుగులో సంతకం పెట్టాడు.